ఓడినా మళ్లీ మ్యాచ్ ఉండాలి: ఖాలిద్ జమీల్ ప్రస్థానం, మన మైదానాలు

2025 ఆగస్టు 1న భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు కోచ్‌గా ఖాలిద్ జమీల్‌ను నియమిస్తున్నట్టు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ప్రకటించింది. 2012లో సావియో మెదీరా దిగిపోయాక ఈ బాధ్యత ఒక భారతీయుడికి దక్కడం అదే మొదలు. మధ్యలో పదమూడేళ్లు నెదర్లాండ్స్, ఇంగ్లండ్, క్రొయేషియా, స్పెయిన్‌ల నుంచి వచ్చినవాళ్లే జట్టును నడిపారు. తిరుపతి, చిత్తూరు వైపు ఈ వార్తకు పెద్దగా చప్పుడు లేదు. ఇక్కడ క్రికెట్ తర్వాత కబడ్డీ, వాలీబాల్, ఖోఖో. ఫుట్‌బాల్ వంతు ఆ తర్వాతే. అయినా ఈ మనిషి ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడిదాకా వచ్చాడో తెలుసుకోవాల్సిన అవసరం మన ప్రాంతానికి ఎక్కువే ఉంది. అతను తయారైన తీరు చూస్తే, మన దగ్గర కోచ్‌లు ఎందుకు తయారు కావడం లేదో కూడా అర్థమవుతుంది.

ఆటగాడు కోచ్‌గా మారిన కథ అనగానే చాలామందికి జినెదిన్ జిదాన్ గుర్తొస్తాడు. ప్రపంచకప్ గెలిచాడు, తర్వాత రియల్ మాడ్రిడ్ కోచ్‌గా 2016, 2017, 2018ల్లో వరుసగా మూడు చాంపియన్స్ లీగ్ టైటిళ్లు కొట్టాడు. ఆ దారి కోటికొక్కరికి దొరుకుతుంది. బీపీఈడీ చేసి, డీఎస్సీలో పీఈటీ ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, పొద్దున్నే తిరుపతి తారకరామ స్టేడియంలోనో చిత్తూరు మెసానికల్ మైదానంలోనో పిల్లలను పరిగెత్తిస్తున్న కుర్రాడికి జిదాన్ వల్ల ఒరిగేదేమీ లేదు. ఖాలిద్ దారి వేరు. అందులో పెద్ద పేరు లేదు, పెద్ద డబ్బు లేదు, మధ్యలో రెండు మూడుసార్లు బాగా కిందికి జారిపోవడం కూడా ఉంది.

ఆటగాడిగా ఖాలిద్ గురించి చెప్పుకోవాల్సింది కొంచెమే. 1977లో కువైట్‌లో పుట్టాడు. మిడ్‌ఫీల్డర్‌గా ముంబయిలో మహీంద్రా యునైటెడ్‌కు, ఎయిరిండియాకు, చివర్లో ముంబయి ఎఫ్‌సీకి ఆడాడు. భారత జట్టు జెర్సీ కూడా వేసుకున్నాడు. గాయాలు మాత్రం వదల్లేదు. మంచి వయసులో ఉండగానే చాలాకాలం మైదానం బయట కూర్చోవాల్సి వచ్చింది. 2009లో ఆట మానేసి అదే ముంబయి ఎఫ్‌సీకి కోచ్ అయ్యాడు. అప్పటికి వయసు 32. నిన్నటిదాకా పక్కన కూర్చుని భోజనం చేసినవాళ్లలో ఇవాళ ఎవరు ఆడాలో, ఎవరు బెంచీ మీద కూర్చోవాలో తేల్చే పని. వయసులో పెద్ద తేడా లేనివాళ్లకు కోచ్‌గా ఉండటంలోని ఇబ్బంది ఫిజికల్ డైరెక్టర్‌గా సొంత కాలేజీకే తిరిగి వెళ్లినవాళ్లకు బాగా తెలుస్తుంది.

ఆ క్లబ్‌లో అతను ఏడు సీజన్లు ఉన్నాడు. అప్పట్లో దేశంలో అదే పెద్ద లీగ్, ఐ-లీగ్. గోవా క్లబ్‌లు, కోల్‌కతా క్లబ్‌లు, తర్వాత బెంగళూరు ఎఫ్‌సీ టైటిళ్లు గెలుస్తుంటే ముంబయి ఎఫ్‌సీ ఎప్పుడూ కింది సగంలోనో నడిమధ్యనో ఉండేది. టైటిల్ గెలిచే బడ్జెట్ కాదు అది. లీగ్ నుంచి కిందికి పడిపోకుండా చూసుకోవడమే ఏటేటా పని. ఏడేళ్లూ పడిపోలేదు. 2016లో ఖాలిద్ వెళ్లిపోయాడు, ఆ తర్వాతి సీజన్‌లోనే ముంబయి ఎఫ్‌సీ అట్టడుగున నిలిచింది. అతని పని విలువ తెలియడానికి ఇంతకంటే తూకం అక్కర్లేదు.

ఈ ఏడేళ్లను పత్రికలు ఒక్క వాక్యంలో దాటేస్తుంటాయి. అసలు సంగతంతా అక్కడే ఉంది. 2009-10లో ఐ-లీగ్‌లో 14 జట్లు, అంటే ఒక్కో జట్టుకు 26 మ్యాచ్‌లు. తర్వాత జట్లు తగ్గినా ఏడాదికి 16కు తగ్గలేదు. ఈ ఆదివారం ఓడితే వచ్చే వారం మళ్లీ మ్యాచ్ ఉంటుంది. ఎడమ పక్క డిఫెండర్ ముందుకు వెళ్లి వెనక్కి రాలేకపోతున్నాడని ఒక మ్యాచ్‌లో తెలిసింది, మర్నాటి ప్రాక్టీసులో దాన్ని సరిచేశాడు, ఆరో రోజున అది పనిచేసిందో లేదో తేలిపోయింది. ఇలా వందకు పైగా సార్లు. లైసెన్స్ కోర్సులో పాఠం చెబుతారు, పరీక్ష పెడతారు. ఇది మాత్రం ఏ కోర్సులోనూ దొరకదు. కోచ్ అనేవాడు ఓడిపోయి, ఆ ఓటమిని సరిదిద్దుకునే అవకాశం ఎన్నిసార్లు దొరికితే అంత గట్టిపడతాడు. ఖాలిద్‌కు ఆ అవకాశం దొరికింది, ఒకే చోట, ఏడేళ్లపాటు, క్లబ్ ఓపిక పట్టింది కాబట్టి.

అక్కడి నుంచి ఐజ్వాల్. మిజోరం రాజధాని, కొండల మీద ఊరు. 2011 జనాభా లెక్కల్లో ఐజ్వాల్ పట్టణం 2.93 లక్షలు, తిరుపతి 2.87 లక్షలు. దాదాపు ఒకే పరిమాణం. రాష్ట్రం మొత్తం తీసుకున్నా మిజోరంలో 10.97 లక్షల మంది, ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 41.7 లక్షల మంది. అంటే మనలో నాలుగో వంతు జనం ఉన్న చోటు నుంచి దేశ చాంపియన్ వచ్చింది. ఇది నిలబడి ఆలోచించాల్సిన లెక్క.

ఐజ్వాల్ ఎఫ్‌సీ 2015-16లో మొదటిసారి ఐ-లీగ్ ఆడి, ఆ ఏడాదే కిందికి పడిపోయింది. గోవా క్లబ్‌లు లీగ్ నుంచి తప్పుకోవడంతో మళ్లీ చోటు దక్కింది. అలాంటి జట్టును ఖాలిద్ చేతిలో పెట్టారు. అతను ముంబయి నుంచి అశుతోష్ మెహతా, జయేశ్ రాణేలను వెంట తెచ్చుకున్నాడు. గోల్‌కీపర్ అల్బినో గోమ్స్ వచ్చాడు. సిరియా మిడ్‌ఫీల్డర్ మహమూద్ అల్ అమ్నా, లైబీరియాకు చెందిన ఆల్‌ఫ్రెడ్ జర్యాన్ నడిమధ్య నిలబడ్డారు. చుట్టూ మిజో కుర్రాళ్లు. వాళ్లు ఎవరూ ఆకాశం నుంచి ఊడిపడలేదు. 2012లో మొదలైన మిజోరం ప్రీమియర్ లీగ్‌లో ఆడి వచ్చినవాళ్లు. ఆ లీగ్ మ్యాచ్‌లను జోనెట్ అనే అక్కడి కేబుల్ సంస్థ ఇంటింటికీ చూపించేది. రెండేళ్లు తిరిగేసరికి, 2014లో, రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని మిజోరం గెలిచింది.

2017 ఏప్రిల్ 22 మ్యాచ్‌ను దగ్గరగా చూడాలి. ఐజ్వాల్, మోహన్ బగాన్ రెండింటికీ 16 మ్యాచ్‌ల్లో 33 పాయింట్లు. మిగిలినవి రెండే. ఐజ్వాల్ సొంత మైదానంలో ఈ రెండూ తలపడ్డాయి. అంత టెన్షన్‌లో సొంత అభిమానుల ముందు ఆడే చిన్న జట్టు సాధారణంగా ముందుకు ఎగబడుతుంది, వెనక ఖాళీ వదిలేస్తుంది, దెబ్బ తింటుంది. ఐజ్వాల్ అలా చేయలేదు. గోల్ పడకుండా చూసుకుంటూ చివరిదాకా ఓపిక పట్టింది. 83వ నిమిషంలో జయేశ్ రాణే కార్నర్ కొట్టాడు. డిఫెండర్ జోమింగ్లియానా రాల్తే తలతో గోల్ చేశాడు. 1-0. ఓపికగా కాచుకుని, ఒక్క సందు దొరకగానే పని ముగించడం ఖాలిద్ జట్ల లక్షణం. అది ఆ రోజు దేశమంతా చూసింది.

వారం తర్వాత షిల్లాంగ్‌లో లజోంగ్‌తో చివరి మ్యాచ్. డ్రా చేస్తే చాలు. తొమ్మిదో నిమిషంలోనే గోల్ ఇచ్చేశారు. 67వ నిమిషంలో విలియం లాల్నున్‌ఫెలా సమం చేశాడు. 1-1. ఐజ్వాల్ 37, బగాన్ 36. ఈశాన్య రాష్ట్రాల నుంచి దేశపు అగ్ర లీగ్ గెలిచిన మొదటి క్లబ్ అది.

తర్వాతి రెండేళ్లు కోల్‌కతా. 2017-18లో ఈస్ట్ బెంగాల్‌ను తీసుకున్నాడు, ఐ-లీగ్‌లో నాలుగో స్థానం. 2019 జనవరిలో సీజన్ మధ్యలో మోహన్ బగాన్ పిలిచింది, ఐదో స్థానం. రెండు చోట్లా ఎక్కువ రోజులు నిలవలేదు. కోల్‌కతాలో డ్రా కూడా ఓటమి కిందే లెక్క. గోల్ పడకుండా చూసుకుని తర్వాత గెలుపు సంగతి చూద్దామనే పద్ధతి అక్కడి గ్యాలరీకి నచ్చదు. ఎదుటి జట్టే గోడ కట్టుకుని కూర్చుంటే దాన్ని ఎలా పగలగొట్టాలన్నది అతని జట్లకు అక్కడ దొరకని జవాబు. ఈ లోటు మళ్లీ బయటపడుతుంది.

ఆ తర్వాత, ఐ-లీగ్‌ను దాటి దేశపు అగ్ర లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) జట్టు నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌లో సహాయకుడిగా చేరడం కొందరికి వెనకడుగులా కనిపించింది. దేశ చాంపియన్ కోచ్ ఒకడు విదేశీ కోచ్ పక్కన నిలబడి కోన్‌లు పేర్చడం మన దగ్గర చాలామందికి మింగుడుపడదు. అతను ఆ పని చేశాడు. 2021 జనవరిలో గెరార్డ్ నుస్‌ను తప్పించి, తాత్కాలికంగా జట్టును ఖాలిద్‌కు అప్పజెప్పారు. లీగ్‌లో మిగిలిన తొమ్మిది మ్యాచ్‌లూ ఓటమి లేకుండా నడిపి సెమీఫైనల్‌కు చేర్చాడు. ఐఎస్ఎల్‌లో ఒక భారతీయ కోచ్ ఆ దశకు చేరడం అదే మొదటిసారి. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో మొత్తం 2-3 తేడాతో ఓడారు. తర్వాతి సీజన్‌కు పూర్తికాలపు కోచ్‌ని చేశారు, ఐఎస్ఎల్‌లో అదీ ఒక భారతీయుడికి మొదటిసారే. ఆ ఏడాది జట్టు పదో స్థానంలో నిలిచింది. అంతే, పేరు మసకబారింది. 2023లో అతను మూడో అంచె జట్టు ఎఫ్‌సీ బెంగళూరు యునైటెడ్‌లో ఉన్నాడు.

ఇక్కడ ఆగిపోయినవాళ్లు భారత ఫుట్‌బాల్‌లో చాలామంది ఉన్నారు. అతనికి మరో అవకాశం ఎందుకు వచ్చిందంటే, కష్టాల్లో ఉన్న జట్టును పట్టాలెక్కిస్తాడన్న నమ్మకం ఒకటి అప్పటికే ఏర్పడింది. 2023 డిసెంబరు చివర్లో జంషెడ్‌పుర్ ఎఫ్‌సీ స్కాట్ కూపర్‌ను తప్పించి ఖాలిద్‌ను పిలిచింది. 2024-25లో ఆ జట్టు 38 పాయింట్లతో ఐదో స్థానం దక్కించుకుంది. నాకౌట్‌లో నార్త్‌ఈస్ట్‌ను 2-0తో ఓడించింది. సెమీస్ తొలి అంచెలో మోహన్ బగాన్‌ను 2-1తో కొట్టింది, రెండో అంచెలో ఆఖరి క్షణాల గోల్‌తో 0-2గా ఓడి ఫైనల్ చేజార్చుకుంది. అదే ఏడాది సూపర్ కప్ ఫైనల్ కూడా ఆడి గోవా చేతిలో 0-3తో ఓడింది. 2023-24, 2024-25 రెండేళ్లూ సమాఖ్య ఉత్తమ కోచ్ పురస్కారం అతనికే ఇచ్చింది.

ఆ జంషెడ్‌పుర్ జట్టులో గోల్‌కీపర్ అల్బినో గోమ్స్. పక్కన ఆడింది అశుతోష్ మెహతా. ఎనిమిదేళ్ల కిందట ఐజ్వాల్‌లో ఉన్నవాళ్లే. మెహతా అయితే ముంబయి ఎఫ్‌సీ నుంచీ ఉన్నాడు, నార్త్‌ఈస్ట్‌లోనూ ఉన్నాడు. కోచ్ విలేకరుల ముందు నాలుగు మాటలకు మించి మాట్లాడడు, పొగడ్తలు ఆటగాళ్లకు, తప్పులు తనకు వేసుకుంటాడు. ఆటగాళ్లు అతన్ని వెతుక్కుంటూ మళ్లీ మళ్లీ రావడానికి అది ఒక కారణం కావచ్చు. రెండో కారణం ఇంకా బలమైంది: అతని జట్టులో ఎవరి పని ఏమిటో వాళ్లకు స్పష్టంగా తెలుసు. సైడ్‌లైన్ దగ్గర త్రో దొరికితే ఎవరు విసరాలి, గోల్ ముందు ఎవరు నిలబడాలి, తిరిగొచ్చిన బంతికి ఎవరు కాచుకోవాలి, అన్నీ ముందే తేలిపోయి ఉంటాయి. చూడ్డానికి ఇది అందమైన ఆట కాదని విమర్శించేవాళ్లు ఉన్నారు. ఆ విమర్శలో కొంత నిజముంది. పక్క జట్టు పెట్టే డబ్బులో సగంతో కట్టిన జట్టు దగ్గర అందం ఆశించేవాళ్లు ముందు ఆ సగం డబ్బు గురించి మాట్లాడాలి.

జాతీయ జట్టుతో మొదటి నెల బాగానే సాగింది. తజికిస్థాన్, ఉజ్బెకిస్థాన్‌లలో జరిగిన సీఏఎఫ్ఏ (మధ్య ఆసియా ఫుట్‌బాల్ సంఘం) నేషన్స్ కప్‌కు మోహన్ బగాన్ ఆటగాళ్లు రాలేదు. అయినా ఆతిథ్య తజికిస్థాన్‌ను 2-1తో ఓడించారు. ఇరాన్ చేతిలో 0-3, అఫ్గానిస్థాన్‌తో 0-0. మూడో స్థానం కోసం ఒమన్‌తో 1-1గా ముగిసిన మ్యాచ్‌ను పెనాల్టీల్లో 3-2తో గెలిచారు. ఇక్కడా అదే ఖాలిద్ ముద్ర: బలమైన జట్టు ఎదురుగా ఉన్నప్పుడు ఒద్దికగా కాచుకుని నిలవడం.

అక్టోబరులో కథ మారింది. ఆసియా కప్ అర్హత పోటీల్లో సింగపూర్‌తో రెండు మ్యాచ్‌లు. మొదటిది సింగపూర్‌లో. డిఫెండర్ సందేశ్ జింగాన్ రెడ్‌కార్డుతో పదిమందే మిగిలినా, 90వ నిమిషంలో రహీం అలీ గోల్‌తో 1-1గా బయటపడ్డారు. 14న గోవాలోని మార్‌గావ్‌లో గెలవాల్సిన మ్యాచ్. 14వ నిమిషంలో చాంగ్తే గోల్ కొట్టాడు. ఆ తర్వాత చేయాల్సింది ఆటను తమ చేతిలో ఉంచుకోవడం. విరామానికి ముందు 44వ నిమిషంలో సాంగ్ ఉయ్ యంగ్ సమం చేశాడు, 58వ నిమిషంలో మళ్లీ అతనే. ఇక మిగిలిన అరగంట పైచిలుకు వెనక నిలబడిపోయిన సింగపూర్‌ను భారత్ ఛేదించలేకపోయింది. 1-2తో 2027 ఆసియా కప్ దారి మూసుకుపోయింది. నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ 1-0తో గెలిచింది, భారత్‌పై వాళ్లకు 22 ఏళ్లలో అదే తొలి విజయం.

ఇందులో ఖాలిద్ తప్పు ఎంత? ఆరు మ్యాచ్‌ల అర్హత పోటీల్లో రెండు అయిపోయాక అతను వచ్చాడు. అంతకుముందు మనోలో మార్కెజ్ హయాంలో జట్టు ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచింది. ఆ గుంతలోకి దిగినవాడిని గుంత ఎందుకుందని అడగడం న్యాయం కాదు. కానీ మార్‌గావ్ రెండో సగానికి మాత్రం అతను జవాబు చెప్పాల్సిందే. కోల్‌కతాలో కనిపించిన లోటే అక్కడా కనిపించింది. క్లబ్‌లో అయితే ఆ లోటును సరిచేసుకోవడానికి వచ్చే శనివారం ఉంటుంది. జాతీయ కోచ్‌కు ఆటగాళ్లు చేతికి వచ్చేదే కొద్ది రోజులు, ఒక మ్యాచ్ ఓడితే తర్వాతి మ్యాచ్‌కు నెల. అతన్ని తయారుచేసిన వాతావరణమే ఈ ఉద్యోగంలో లేదు.

మ్యాచ్‌లే కోచ్‌లను తయారుచేస్తాయన్న సంగతి తెలుగు నేలకు కొత్తేమీ కాదు. 1951 దిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడిపంతులు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తయారుచేశారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచింది. బలం తక్కువున్న కాలితోనే ఆడాలి, డ్రిబ్లింగ్ చేయకూడదు అంటూ నియమాలు పెట్టి ఆయన స్థానిక పోటీలు నడిపించేవారని చెబుతారు. ఆయన చేతిలో ఊరినిండా మ్యాచ్‌లు ఉండేవి. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలవడం ఆ పంటే. ఆ మ్యాచ్‌లు పోయాయి, కోచ్‌లూ పోయారు.

ఇప్పుడు తిరుపతిలో ఉన్నదేమిటి? మైదానాలు ఉన్నాయి. తారకరామ స్టేడియం ఉంది, శ్రీనివాస క్రీడా సముదాయం ఉంది, కాలేజీల మైదానాలు ఉన్నాయి. మే నెలలో వేసవి శిబిరాలు పెడతారు. పిల్లలు వస్తారు, తల్లులు పొద్దున ఆరింటికే రాగిజావ సీసాలతో గట్టు మీద కూర్చుంటారు. చూడాల్సింది తర్వాతి పది నెలలు. స్కూల్ గేమ్స్ మండల స్థాయి పోటీలకు ఒక హైస్కూల్ జట్టు వెళ్తుంది. నాకౌట్ పద్ధతి. తొలి మ్యాచ్‌లో పదకొండు మందీ బంతి వెంట ఒకేచోట గుంపుగా పరిగెత్తుతారు, వెనక ఖాళీ చూసి అవతలి జట్టు గోల్ కొడుతుంది, ఆట ముగుస్తుంది. మధ్యాహ్నానికి పిల్లలు బస్సెక్కుతారు. ఆ పీఈటీకి తప్పు కనబడింది. దాన్ని సరిచేశాడో లేదో తేలాలంటే మళ్లీ ఏడాది ఆగాలి, అప్పటికి ఆ పదో తరగతి పిల్లలు ఉండరు. ఆయనలో ఎంత తెలివి ఉన్నా, ఎంత శ్రద్ధ ఉన్నా, ఖాలిద్ ముంబయిలో ఒక్క సీజన్‌లో ఆడించినన్ని అసలైన మ్యాచ్‌లు ఆయనకు దక్కాలంటే ఏళ్లకేళ్లు పడుతుంది.

కోచింగ్ లైసెన్స్‌ల మాట కూడా చెప్పుకోవాలి. కింది నుంచి డి, సి, బి, ఎ, ఆపైన ప్రో. ఖాలిద్ దగ్గర ప్రో ఉంది. మొదటి మెట్టయిన డి కోర్సు కొద్ది రోజుల్లో పూర్తవుతుంది, బీపీఈడీ చేసిన కుర్రాడికి అది పెద్ద కష్టం కాదు. కాకపోతే ఆ తర్వాతి మెట్లు ఎక్కాలంటే చేతిలో ఒక జట్టు, ఆ జట్టుకు క్రమం తప్పని మ్యాచ్‌లు ఉండాలి. అవి లేక చాలామంది డి దగ్గరే ఆగిపోతారు, ఆ కాగితం స్పోర్ట్స్ కోటా ఫైల్లో ఉండిపోతుంది. ఐఎస్ఎల్ మ్యాచ్ చూడాలంటే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లొచ్చు, చిత్తూరు వాళ్లకైతే బెంగళూరూ అందుబాటే. చూసినది చేసి చూడ్డానికి ఇక్కడ లీగ్ లేదు.

లీగ్ అంటే కోట్లు అక్కర్లేదు. ఎనిమిది హైస్కూళ్లు కలిస్తే చాలు. ఒక్కో జట్టు మిగతా ఏడింటితో ఒక్కోసారి ఆడితే మొత్తం 28 మ్యాచ్‌లు. సగానికి 25 నిమిషాలు పెట్టుకుంటే ఆదివారం పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ఒకే మైదానంలో నాలుగు మ్యాచ్‌లు అయిపోతాయి. ఏడు ఆదివారాలు. తిరుపతిలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి జులై, ఆగస్టు నెలలు సరిపోతాయి, స్కూల్ గేమ్స్ ఎంపికలకు ముందే జట్లు కుదురుకుంటాయి. రిఫరీలుగా బీపీఈడీ విద్యార్థులను పెట్టొచ్చు, వాళ్లకూ అనుభవం. ఖర్చల్లా బంతులు, నెట్లు, సున్నం, మంచినీళ్లు, ప్రయాణ చార్జీలు, ఒక ప్రథమ చికిత్స పెట్టె. ఎనిమిది మంది పీఈటీలకు ఒక్కొక్కరికి ఏడేసి మ్యాచ్‌లు దొరుకుతాయి, మొదటి ఆదివారం ఓడినవాళ్లకు రెండో ఆదివారం ఉంటుంది.